మత్స్యకన్య మొగుడు

నా భార్య మసేనమ్మ చనిపోయింది. ప్రభుత్వం ఒప్పుకోదు.

ఉత్తరపు రాళ్ళ మీద ఆల్చిప్పలు గీకుతుండగా కెరటం వచ్చి తీసుకుపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు చూశారు. తెప్పలు వేసుకుని వెతికాం. దొరకలేదు. మా పెదరేవుపాలెంలో ఇలా పోవడం కొత్త కాదు. దానికి మాకొక పద్ధతి ఉంది. రెండు అమావాస్యలు చూస్తాం. అప్పటికీ సముద్రం శవాన్ని ఇవ్వకపోతే పాత వలలో గడ్డి కూరి మనిషంత బొమ్మ చేస్తాం. పోయినవాళ్ళ బట్ట చుడతాం. ఒడ్డున కాలుస్తాం. ఆ తరవాతే అన్నం ముద్ద పెడతాం. బొమ్మ కాలకుండా ముద్ద పెట్టకూడదు. అంటే అంతవరకూ పోయిన మనిషి ఆకలితో తిరుగుతున్నట్టే. చదువుకున్నవాళ్ళు నవ్వుకోవచ్చు. మసేనమ్మ ఆకలికి ఆగే మనిషి కాదు. నాకు తొందరగా ఉంది.

అదే రోజుల్లో ఒక సినిమా విడుదలైంది.

దాన్ని మా రాళ్ళ మీదే తీశారు. పల్లెపిల్ల ఒకతె సముద్రంలో పడుతుంది. చావదు. మత్స్యకన్య అవుతుంది. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు రాతి మీద కూర్చుని పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది. అంతే కథ. జనం విరగబడి చూశారు. చూసినవాళ్ళు బస్సులు కట్టించుకుని మా పాలెం వచ్చారు. రాళ్ళెక్కి ఎవరికి తోచిన పేరుతో వాళ్ళు అరిచారు. సముద్రంలోంచి ఎవరూ రాలేదు. మా నూతిలో నీళ్ళన్నీ తాగి వెళ్ళిపోయారు.

ఇంత జనం ఊరికే పోతుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. సాగరకన్యా తీర అభివృద్ధి సంస్థ అని ఒకటి పెట్టింది. శేషాచలపతిరావు గారని ఒక ప్రత్యేకాధికారిని పంపింది. మేం చేపలు ఎండబెట్టుకునే దిబ్బ మీద ఆయన ఆఫీసు లేచింది. ఎండు చేపల వాసన ప్రణయ వాతావరణానికి భంగకరం అని మొదటి ఉత్తర్వు వచ్చింది. మా చేపలు ఊరవతలికి పోయాయి.

ఆఫీసు ఉంది. జీపు ఉంది. సిబ్బంది ఉన్నారు. మత్స్యకన్య లేదు. ఆయనకు అదొక్కటే కొరత.

రెండో అమావాస్య వెళ్ళిన మర్నాడు నేను బొమ్మ కట్టాను. మసేనమ్మ చెల్లెలు పైడితల్లి ఆకుపచ్చ చీర తెచ్చి చుట్టింది. కులపెద్ద దానయ్య అగ్గి పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు జీపు వచ్చి ఆగింది.

"ఆపండి. ఈ దహనం ఎవరిది?" అన్నాడు ప్రత్యేకాధికారి.

"మా ఆడదానిది బాబూ," అన్నాను.

"మృతదేహం లభ్యమైందా?"

"నేదు. అందుకే గదా బొమ్మ."

"మృతదేహం లభ్యం కానిచోట మరణం నిర్ధారణ కాదు. నిర్ధారణ కాని మరణానికి అంత్యక్రియలు జరపడం సంస్థ పరిధిలో నిషిద్ధం."

"రెండు నెల్లయిపోనాది బాబూ. అది సముద్రంలో పడిపోనాది."

"మీరే చెబుతున్నారు. ఆమె సముద్రంలో ఉంది. మరణించినట్టు ఆధారం లేదు. సముద్రంలో సజీవంగా ఉన్న స్త్రీని ఏమంటారు?"

ఆయన వెనకనున్న గుమస్తా నెమ్మదిగా అన్నాడు.

"మత్స్యకన్య సార్."

ప్రత్యేకాధికారి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. దాని తరవాత నా బతుకులో వెలుగు లేదు.

"దానికి ఈత రాదు బాబూ," అన్నాను.

"ఈత రాని స్త్రీ రెండు నెలలపాటు సముద్రంలో ఉండగలిగిందంటే, తోక లేకుండా ఎలా సాధ్యమవుతుంది? మీ వాంగ్మూలం చాలా విలువైనది."

పైడితల్లి ముందుకు వచ్చింది. దాని నోటికి సంతలో బేరగాళ్ళే జడుస్తారు.

"ఏటి బాబూ నువ్వనేది? మాయప్పకి యాభై దాటీసినాయి. కూకుంటే లెగలేదు, లెగిస్తే కూకోలేదు. మోకాళ్ళు నొప్పులని రోజంతా మూలుగుతాది. అది మచ్చెకన్నె ఏటి?"

"ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు లేవు కదమ్మా," అన్నాడు ఆయన, ఓదారుస్తున్నట్టు.

బొమ్మను జీపులో వేసుకుపోయారు. చీర కూడా పోయింది. తీరప్రాంత తొలి అధికారిక మత్స్యకన్యకు సంబంధించిన వస్త్రం అట. భద్రపరచవలసినదట.

వారం తిరక్కుండా కొవిరి కాసులమ్మ ఆఫీసుకు వెళ్ళింది. దాని మొగుడు గాలివానలో పోయాడు. శవం దొరకలేదు. దాన్ని చూసి నేనూ బొమ్మ కాల్చుకోనివ్వమని అర్జీ పట్టుకుని వెంట వెళ్ళాను.

"బాబూ, మాయింటాయన సంగతేటి? ఆయనా తోకతో ఉన్నాడేటి?" అని అడిగింది.

ప్రత్యేకాధికారి తలెత్తలేదు. "పురుషుల విషయంలో సంస్థకు అభ్యంతరాలు లేవు. సినిమాలో మునిగిన పురుషులు మరణించారు."

"మరి బొమ్మ కాల్సీమంటారా?"

"నిరభ్యంతరంగా."

కాసులమ్మ ఆ సాయంత్రమే కాల్చింది. ముద్ద పెట్టింది. కాకి వచ్చి ముట్టింది. అది ఇంటికి వెళ్ళి కడుపునిండా ఏడ్చి నిద్రపోయింది. మొగుడు పోయిన ఆడదాన్ని చూసి నేను అసూయపడ్డాను. ప్రభుత్వం మనిషిని అంతవరకు తేగలదు.

తరవాత నన్ను పిలిపించారు. నేను మత్స్యకన్యకు చట్టబద్ధమైన భర్తను. నాకు విధులున్నాయి. రోజూ సాయంత్రం ఉత్తరపు రాతి మీద కూర్చుని విరహం పడాలి. భార్యను పిలవాలి. పిలుపు వింటే వస్తుంది. సినిమాలో వచ్చింది.

"నాను పిలవను. సచ్చిపోయినోళ్ళని పిలిస్తే పాపం," అన్నాను.

"మీరు సహకరించని పక్షంలో దహన అనుమతిపై మీ అర్జీ పరిశీలనకు నోచుకోదు. సహకరిస్తే సానుభూతితో పరిశీలించబడుతుంది."

ఆ ఒక్క మాటకు నేను లొంగిపోయాను. అనుమతి వస్తే బొమ్మ కాల్చవచ్చు. ముద్ద పెట్టవచ్చు. అందుకోసం కూర్చోమంటే ముళ్ళ మీదైనా కూర్చుంటాను.

ముందు నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి ఆ సినిమా చూపించారు. నేర్చుకోవడానికి. ఆ మత్స్యకన్య ఒంటి మీద ఒక్క పొలుసు లేదు. నీళ్ళలోంచి లేచినా కాటుక చెదరలేదు. జుట్టు ఎక్కడ కప్పాలో అక్కడే కప్పింది. ఏ గాలికీ కదల్లేదు. సముద్రంలో ఏం తింటుందో ఎవరూ చెప్పలేదు. కుర్రవాడు ఆమెను వాసన చూసి మల్లెపూలు అన్నాడు. నేను పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం పక్కనే ఉన్నాను. మల్లెపూల వాసన నాకెప్పుడూ రాలేదు.

మర్నాడు రాతి మీద కూర్చోబెట్టారు. విరహాన్ని పర్యవేక్షించడానికి పట్నం నుంచి ఒక నాట్యం మేడం వచ్చింది. గొడుగు కింద కుర్చీ వేసుకుంది. పైడితల్లి తట్ట దించి ఇసుకలో చతికిలబడింది. అక్కడక్కడ జనం.

నేను చుట్ట వెలిగించాను.

"చుట్ట వద్దు. మీ భార్యను మీరు ఎలా పిలిచేవారో అలా పిలవండి," అంది మేడం.

"ఒలే," అన్నాను.

"అంటే?"

"ఒలే అంటే ఒలేయే. దాన్ని అలాగే పిలుస్తాను."

"పేరు?"

"పేరెట్టి ఎప్పుడూ పిలవలేదు."

మేడం నిట్టూర్చింది. "ప్రియా అనండి."

"అదెవులు?" అంది కిందనుంచి పైడితల్లి. "బావా, మాయప్ప పోయి మూడు నెల్లు గాలేదు, అప్పుడే ఇంకోదాయిని పిలిసేత్తన్నావేటి?"

జనం నవ్వారు. నేను ప్రియా అన్నాను. మళ్ళీ అన్నాను. సముద్రం ఎప్పటిలాగే చప్పుడు చేసింది. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు ఇంటి దగ్గర వస్తుంది, దాని కంచం చూసినప్పుడు. అక్కడ గొడుగూ మేడమూ ఉండరు.

నా విరహంలో లోతు లేదని నివేదిక వెళ్ళింది. ముఖంలో దుఃఖానికి బదులు కోపం కనిపిస్తున్నదట. పళ్ళు లేవట. పర్యాటకులు ఫిర్యాదు చేశారట. సంస్థ సమావేశమై నాకు బదులుగా ప్రత్యామ్నాయ భర్తను నియమించింది.

అతని పేరు ధీరజ్. పట్నంలో జిమ్ము నడుపుతాడు. చొక్కా వేసుకోడు. రాతి మీద మోకాలు ముడుచుకుని కూర్చుని "మసేనా" అని దీర్ఘం తీసి పిలుస్తాడు. కళ్ళలో ఏదో రాసుకుంటాడు, వెంటనే నీళ్ళు కారతాయి. ఆడపిల్లలు ఒడ్డున నిలబడి వాళ్ళూ ఏడుస్తారు. నా భార్యను పేరు పెట్టి పిలిచిన మొదటి మగాడు అతను. ఒకరోజు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"తాతగారూ, ఆవిడ నిజంగా వస్తుందంటారా?"

"వస్తే నీకే సిగ్గు. సొక్కా ఏసుకో," అన్నాను.

అతను మంచివాడే. ఆ రోజు తువ్వాలు కప్పుకున్నాడు. మర్నాడు తువ్వాలు తీసేయమని ఉత్తర్వు వచ్చింది.

విగ్రహం కోసం నిపుణుల కమిటీ వేశారు. ఏ చేప తోక పెట్టాలన్నది ప్రశ్న. కవళ్ళు చౌకరకం అన్నారు. సొరకి మర్యాద చాలదన్నారు. చివరికి వంజరం ఖాయం చేశారు, పెద్దవాళ్ళ ఇళ్ళలో తినేది అదే కనుక. నన్ను పిలిచి నీ భార్య ఎలా ఉండేదని ఒక్క మాట కూడా అడగలేదు. విగ్రహం లేచింది. తెల్లటి ఒళ్ళు, ఇరవై ఏళ్ళ వయసు, నడుం కింద వంజరం. కింద పలక మీద మైలపల్లి మసేనమ్మ అని రాశారు.

పైడితల్లి చుట్టూ తిరిగి చూసింది.

"బావా, ఇది మాయప్ప అయితే నాను కలెక్టరు పెళ్ళాన్ని," అంది. తోక మీద తట్టి, "ఈ తోక అమ్మితే మాత్రం మంచి బేరం వొత్తాది," అంది.

ఆ తరవాత వలల మీద పడ్డారు. ఉత్తరపు రాళ్ళ నుంచి ఏటి ముఖం దాకా వల వేయకూడదు. మత్స్యకన్య చిక్కుకుంటే మనోభావాలు దెబ్బతింటాయి. మా మంచి వేటంతా అక్కడే. పాలెం మగవాళ్ళు నా మీదికి వచ్చారు.

"పోలయ్యా, మీ ఆడది రేవుకి అడ్డుపడిపోనాది. మేం ఏటి తినాల? నువ్వెల్లి గట్టిగా అడగవేటి?" అన్నాడు దానయ్య.

"నువ్వు కులపెద్దవి. నువ్వెల్లి అడుగు."

దానయ్య వెళ్ళాడు. రెండు గంటలు లోపలున్నాడు. బయటికి వచ్చినప్పుడు మనిషి మారిపోయాడు. మర్నాడు రాళ్ళ దగ్గర అతని కొట్టు లేచింది. ప్లాస్టిక్ తోకలు అమ్ముతాడు. పిల్లల సైజు, పెద్దల సైజు.

"మసేని అదృష్టవంతురాలు," అన్నాడు నాతో. "మనందర్నీ బతికిత్తంది."

"బొమ్మ కాల్సడానికి అగ్గి పట్టుకున్నది నువ్వు కాదేటి?"

"అప్పుడు నాకు తెల్దు గదరా."

నేను దానయ్య ముఖం మళ్ళీ చూడలేదు. చూడను.

నా అర్జీ మాత్రం పరిశీలనలోనే ఉంది. వెళ్ళినప్పుడల్లా సానుభూతి ఉంది, అనుమతి లేదు. నేను అన్నం తినేటప్పుడు ముద్ద గొంతు దిగేది కాదు. తినని మనిషి ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టుండేది. మసేనమ్మ బతికుండగా నాకు పెట్టాకే తినేది. ఇప్పుడు నేను పెట్టాలి. నాకు చేతులున్నాయి, బియ్యం ఉన్నాయి, ఉత్తర్వు లేదు.

నేనూ పైడితల్లీ దొంగతనంగా ఇంకో బొమ్మ కట్టాం. పొగ చూసి కావలివాళ్ళు వచ్చి నీళ్ళు పోశారు. మత్స్యకన్యకు ప్రాణహాని తలపెట్టినందుకు నన్ను హెచ్చరించారు.

అప్పుడు సముద్రానికే నా మీద జాలి కలిగింది.

ఏటి ముఖానికి అవతల, నిషేధం లేనిచోట, మావాళ్ళు అలివి వల లాగారు. అందరూ రెండు వైపులా తాడు పట్టి ఒడ్డుకు ఈడ్చే పెద్ద వల అది. వలలో చేపలతోపాటు మోకాలి కింది ఎముక పాదంతో సహా వచ్చింది. దానికి వెండి కడియం. అది బతికుండగా ఒకసారి కడియం శీల ఊడిపోతే నేనే రాగి తీగ చుట్టి బిగించాను. ఆ తీగ అలాగే ఉంది. పైడితల్లి ఆ తీగను వేలితో తడిమి మాయప్పదే అంది. నేను తువ్వాల్లో చుట్టుకుని ఛాతీకి ఆనించుకున్నాను. ఇంకేం కావాలి? గడ్డి బొమ్మతో పనిలేదు. మనిషే దొరికింది.

నేరుగా ఆఫీసుకు వెళ్ళాను. బల్ల మీద పెట్టి విప్పాను.

"బాబూ, ఇది మా ఆడదాని కాలు. ఈ కడియం దాందే. మచ్చెకన్నెకి కాలుండదు గదా. ఇది సచ్చిపోనాది. నాను కాల్సుకుంటాను."

ప్రత్యేకాధికారి చాలాసేపు చూశాడు. మొదటిసారి ఆ గదిలో నిజం ఒకటి బల్ల మీద ఉంది. దానికి ఎదురు చెప్పడానికి మనిషి జన్మ ఎత్తినవాడికి నోరు రాదనుకున్నాను.

"ఇది కాలే కదా?" అన్నాడు.

"కాలే బాబూ."

"ఆమెదే కదా?"

"దాందే."

"అంటే ఆమె కాలును విడిచిపెట్టింది." ఆయన లేచి నిలబడ్డాడు. "విడిచిపెట్టడానికి కారణం ఏమై ఉండాలి? అవసరం తీరిపోవడం. తోక సంపూర్ణంగా ఏర్పడింది! ఇంతవరకు మనది ఊహ మాత్రమే. ఇది భౌతిక ఆధారం. పోలయ్య గారూ, తీరప్రాంతం మీకు రుణపడి ఉంది."

ఆయన నాకు నమస్కారం పెట్టాడు. గుమస్తా కూడా పెట్టాడు. నేను చేయి చాచేలోగా కాలును లోపలికి తీసుకుపోయారు.

గాజుపెట్టె చేయించారు. లోపల నీలం మఖ్మల్. అడుగున దీపం. కడియానికి మెరుగు పెట్టించారు. రాగి తీగ అందంగా లేదని తీసేశారు. ఆవిష్కరణకు మంత్రిగారు వస్తున్నారు. భర్త చేత పెట్టెకు పూలదండ వేయించాలని ఎవరికో తోచింది. పూలదండ వేసేవాడికి పళ్ళు అక్కర్లేదు.

"ఎల్తావేటి బావా?" అని అడిగింది పైడితల్లి.

"ఎల్తాను. నువ్వు రాళ్ళ పక్కన ఎండు తాటికమ్మలు పోగెయ్యి. అన్నం వొండి తే."

అది నా ముఖం చూసింది. నడుం బిగించి కమ్మలకు వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇసుక కనపడనంత జనం. వేదిక మీద మంత్రిగారు, ప్రత్యేకాధికారి, మేడం, ధీరజ్. మైకు దగ్గర గుమస్తా. ఆ పూట అతనే వ్యాఖ్యాత. నన్ను పిలిచారు. దండ చేతికిచ్చి గాజుమూత తెరిచారు. నేను దండ కింద పడేసి కాలు తీసుకున్నాను. తువ్వాల్లో చుట్టి మెట్లు దిగి నడిచాను.

కావలివాళ్ళు కదిలారు. నన్ను పట్టుకోమని ప్రత్యేకాధికారి చేయెత్తాడు. మైకు దగ్గర గుమస్తాకు ఏం చేయాలో తోచలేదు. నోటికి వచ్చింది అనేశాడు.

"ఇప్పుడు... వియోగ ఘట్టం!"

చప్పట్లు మోగాయి. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు. నేను కమ్మల మీద మసేనమ్మను పెట్టాను. పైడితల్లి అగ్గిపుల్ల గీసింది. మంట లేచింది. వెనకనుంచి మంత్రిగారి గొంతు మైకులో వినిపించింది.

"అద్భుతంగా ఉందయ్యా! దర్శకత్వం ఎవరు?"

ప్రత్యేకాధికారి ఎత్తిన చేయి దించుకున్నాడు. "సంస్థ సార్," అన్నాడు.

మంట చల్లారాక ఆకు పరిచి ముద్ద పెట్టాను. దూరంగా జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాకి రావాలి. మా పాలెంలో కాకులకు కరువు లేదు. కానీ నెత్తిన డ్రోన్లు తిరుగుతున్నాయి. చప్పట్లు ఆగడం లేదు. ఎవరో ఈల వేశారు. "ఒన్స్ మోర్" అని అరిచారు. కొందరు పిల్లలు ప్లాస్టిక్ తోకలు కట్టుకుని దగ్గరికి గెంతుతూ వచ్చారు. చీకటి పడేదాకా నిలబడ్డాను. కాకి రాలేదు. ముద్దను కెరటం తీసుకుపోయింది.

మంత్రిగారికి నచ్చింది కనుక అది ఇప్పుడు రోజువారీ కార్యక్రమం. పాదదహనం అని పేరు. పిండితో చేసిన కాలును ధీరజ్ కాలుస్తాడు. ఆకు పరిచి నేతి అన్నం ముద్ద పెడతాడు. కాకులకు వేళ అలవాటైపోయింది. ముందుగానే వచ్చి విగ్రహం మీద బారులు తీరతాయి. ముద్ద పెట్టీ పెట్టగానే దిగి తినేసి వెళతాయి. పైడితల్లి సంత నుంచి వస్తూ అదంతా చూసింది. తట్ట దించకుండానే మా గుమ్మంలో నిలబడింది.

"బావా, ఆ ముద్ద మాయప్పకి అందుతాదంటావా?"

నేను జవాబు చెప్పలేదు. దానికే చెప్పనివాణ్ణి మరెవరికీ చెప్పను. ఈ సంగతి ఎత్తుకుని నా గుమ్మంలోకి ఎవరూ రావద్దు. నా నోటి నుంచి దీని గురించి ఇదే ఆఖరి మాట.